తిరిగి చెడిందా, నూనె లేక చెడిందా

ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరక్క చెడ్డాడు అనే సామెతను విననివాళ్లు మనలో ఉండరు. స్త్రీవాద వ్యాసాల్లో దాన్ని ఉదహరించి ఖండించడం కూడా పాతబడిపోయింది. అందరి చూపూ ఆ తిరగడం మీదే పడుతుంది గానీ, ఈమధ్య నన్ను పట్టి నిలిపింది అందులోని చెడడం. తెలుగులో ఈ క్రియ చేసే పని విచిత్రంగా ఉంటుంది. పాలు చెడిపోతే పారబోస్తాం. మోటారు చెడిపోతే బాగుచేయిస్తాం. మగపిల్లవాడు చెడిపోతే పెళ్లి చేస్తే బాగుపడతాడంటాం. అంటే అతన్ని బాగుచేసే పనిముట్టు ఇంకో ఇంటి ఆడపిల్ల అన్నమాట. ఇక ఆడపిల్ల చెడిపోయిందంటే, వాక్యం అక్కడితో అయిపోతుంది. తర్వాత చేయాల్సిన పని ఏదీ ఆ వాక్యంలో ఉండదు.

వ్యాకరణం వైపు నుంచి చూస్తే ఇంకొకటి కనబడుతుంది. చెడిపోవడం అకర్మక క్రియ. ఎవరు చెడగొట్టారో చెప్పకుండానే వాక్యం పూర్తవుతుంది. ఎందుకు చెడిందో కూడా చెప్పనక్కర్లేదు. చెడు చెడినదానిలోనే పుట్టి, దానిలోనే పెరిగినట్టు ధ్వనిస్తుంది.

ఈ క్రియ గురించి నేను గట్టిగా ఆలోచించడం శంషాబాద్‌లో మా ఇంటి వెనక వరండాలో మొదలైంది. అక్కడ పాత పేపర్ల మీద ఒక టర్బోచార్జర్ విప్పి పరిచి ఉంది. అది మా చిన్నమ్మ బండిది. చిన్నమ్మకు నలభై ఆరేళ్లు. ఇరవై నాలుగేళ్ల కాపురం తర్వాత మూడేళ్ల కిందట మా ఇంటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో ఈ పత్రిక చదివేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. వచ్చిన ఏడాదికి మెడలోది అమ్మి పాత డీజిల్ పికప్ బండి కొన్నది. తెల్లవారుజామున చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్లలో పూలు ఎక్కించుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌లో దింపి వస్తుంది. బండి తనే నడుపుతుంది.

మొన్నటి వేసవిలో ఆ బండి నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. లోడు మీద ఎత్తు ఎక్కాలంటే దమ్ము లేదు. టర్బో పోయింది, కొత్తది వేయాలి అన్నారు చూపించిన చోట. కొత్తదంటే ఆమెకు మూడు నెలల సంపాదన. మా వీధిలోనే ఒక చాచా ఉంటాడు. 2008లో విమానాశ్రయం తెరవకముందు నుంచీ బెంగళూరు రోడ్డు మీది లారీ షెడ్లలో పనిచేసినవాడు. చూపు మందగించి షెడ్డు మానేశాడు. ఆయన వచ్చి విని, "కండ్లు మీవి, చేతులు మీవి. నేను చెప్త, మీరు చెయ్యుండ్రి" అన్నాడు. పాత సామాన్ల బజారులో అదే రకం టర్బో, వాడేసింది, ఒకటి తెప్పించాడు. రెండు పాతవాటిలోంచి ఒక మంచిదాన్ని తీయాలి. అదీ పని.

టర్బోచార్జర్ సూత్రం చాలా సరళమైనది. ఇంజన్ కాల్చి వదిలేసిన పొగ బయటికి పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే కడ్డీకి అవతలి చివర ఇంకో చక్రం ఉంటుంది. అది తాజా గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ బాగా మండుతుంది, బండికి బలం వస్తుంది. ఆల్ఫ్రెడ్ బుకీ అనే స్విస్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పారేసిన పొగతో పని చేయించుకోవచ్చునన్న ఊహ దాని పుట్టుకలోనే ఉంది. చిన్న బండ్లలో ఆ కడ్డీ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పొగ వచ్చే వైపు వేడి ఏడువందల డిగ్రీల దాకా పోతుంది. సాధారణంగా దానికి బాల్ బేరింగులు ఉండవు. బుష్షుల మధ్య పలచటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. లోహం లోహానికి తగలకుండా కాపాడేది ఆ పొర ఒక్కటే.

తిరగడం వల్ల అది చెడదు. తిరగడానికే అది ఉంది. నూనె అందకనో, అందిన నూనె మురికిదైతేనో, చిరిగిన ఫిల్టర్‌లోంచి దుమ్ము వచ్చో చెడుతుంది. "టర్బో దానంతటది పోదమ్మా, ఎవరో పోగొట్టిందే" అన్నాడు చాచా. అకర్మక క్రియను సకర్మకం చేయడానికి ఆయనకు ఒక్క వాక్యం పట్టింది. మనం దాని కోసం సెమినార్లు పెట్టుకుంటాం.

పని నాలుగు రోజులు పట్టింది. విప్పే ముందు చక్రానికీ, కడ్డీకీ, నట్టుకూ ఒకే వరుసలో గుర్తులు పెట్టించాడు. మళ్లీ బిగించేటప్పుడు ఆ గుర్తులు కలవకపోతే తూకం తప్పుతుంది. లక్ష చుట్ల దగ్గర ఇసుకరేణువంత తూకం తప్పినా కడ్డీ నిలవదు. నట్టు మామూలు వాటిలా కాకుండా ఎడమవైపు చుట్లది, అలవాటు చొప్పున తిప్పితే ఇంకా బిగుస్తుంది. మసిని కిరసనాయిలులో నానబెట్టి మెత్తటి బ్రష్షుతోనే తీయాలి, ఇనప బ్రష్షు తగలనీయకూడదు. ఒకదాని గాలిచక్రం రెక్కలు దుమ్ముకు అరిగి, ఒక రెక్క వంగి ఉంది. వంగినదాన్ని నేను సరిచేద్దామంటే వద్దన్నాడు. అల్యూమినియం రెక్కను ఒకసారి వంచి తీస్తే అది తర్వాత ఏ చుట్టులోనైనా విరగొచ్చు. ఇంకోదాని కడ్డీకి గీతలు పడి ఉన్నాయి. ఇందులో చక్రం, అందులో కడ్డీ తీసుకున్నాం. బుష్షులు, సీలు రింగులు కొత్తవి. చక్రం, కడ్డీ వేరువేరు టర్బోలవి కాబట్టి పాత గుర్తులు పనికిరావు, కొత్తగా తూకం వేయించాల్సిందే. ఆ పని ఇంట్లో కాదు. కాటేదాన్‌లో మిషను ఉన్నచోటికి తీసుకెళ్లాం.

సీలు రింగును గాడిలో కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. చిన్నప్పటి నుంచీ పూలు కట్టిన చిన్నమ్మ వేళ్లకు ఒక్కసారికే కుదిరింది. ఆడవాళ్ల వేళ్లు ఇలాంటి సన్నపనికే పుట్టాయి అనే మాట దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. కారుచౌకగా ఆడపిల్లలను పనిలో పెట్టుకోవడానికి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వాడిన మాటే అది. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే ఈ సంగతి తేల్చారు. వేళ్ల నేర్పు పుట్టుకతో రాలేదు, ఇంట్లో ఏళ్ల తరబడి నేర్చుకున్నదే. బడిలో నేర్పలేదు కాబట్టి నేర్పుగా లెక్కకు రాదు, లెక్కకు రాదు కాబట్టి జీతం ఉండదు. మన దగ్గర ఇంకో రకం కూడా ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి బిగించే ఆదిలక్ష్మి గురించి 2020లో పత్రికలు రాశాయి. ఎంత మెచ్చుకున్నా అన్నిట్లోనూ ఒక ఆశ్చర్యం ఉంది. పనికంటే పనిచేసే ఒంటిని చూసి పుట్టే ఆశ్చర్యం అది.

నాలుగో రోజు చాచా బండిలోంచి నూనె పైపు విప్పించి ఊదమన్నాడు. గాలి అవతలికి పోలేదు. లోపల నూనె మాడి బొగ్గై పూడుకుపోయింది. "ఇది చూడకుండ ఎన్ని టర్బోలు మార్చినా గింతే బిడ్డా. కొత్తది గూడ నెల తిరక్కుండ పోతది." కొత్తది వేయాలని చెప్పినవాళ్లు ఆ పైపు వైపు చూడనే లేదు.

అదే వారంలో మా ఇంట్లో ఇంకో పంచాయితీ నడిచింది. బాబాయి తరఫున నలుగురు పెద్దమనుషులు వచ్చారు. ఆయన మారిపోయాడన్నారు. చిన్నమ్మ కూడా మూడేళ్లు తల్లిగారింటోళ్ల దగ్గర ఉండి కుదుటపడ్డది కాబట్టి ఇక పంపండి అన్నారు. ఆమె ఇల్లు వదలకముందు ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో మూడుసార్లు కూర్చోబెట్టారు. ఆయన తాగి వచ్చినప్పుడు ఎదురు మాట్లాడకూడదని, అన్నం పెట్టి పక్కగదిలోకి పోవాలని, గొంతు తగ్గించాలని ఆమెకు నేర్పారు. ఆయన ఒక్కసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. అంటే బాగుచేసిందంతా ఆమెనే. విప్పి, కడిగి, మెత్తబరిచి, అదే ఇంట్లో మళ్లీ బిగించారు. పైపు ఎవరూ ఊది చూడలేదు.

నేను ఈ పోలిక చెప్పినప్పుడు చిన్నమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు గూడ నన్ను ఇప్పి చూస్తున్నవ్ బిడ్డా" అంది. ఆ మాట గురించి నిదానంగా ఆలోచించాలి. స్త్రీని యంత్రంతో పోల్చడం కొత్తేమీ కాదు, మంచిదీ కాదు. కాపురాన్ని బండి అంటాం, ఎట్ల నడుస్తున్నదంటే నడుస్తున్నది అంటాం. టర్బోను బాగుచేసేది తిరిగి పనిలో పెట్టడానికే. దానికి వేరే ప్రయోజనం లేదు. మనిషికి అలా కాదు. ఒక స్త్రీ కోలుకుందనడానికి కొలమానం ఆమె తిరిగి కాపురానికి పోవడమే అయితే, ఆమెను బండి విడిభాగంగానే లెక్కగట్టినట్టు. కాబట్టి పోలిక ఇక్కడ తెగిపోవాలి, తెగిపోతుంది కూడా. తెగిన తర్వాత కూడా మిగిలేది కారణం గురించిన ప్రశ్న. అరుగుదల అరిగినదాని తప్పు అవుతుందా? దేన్ని పరీక్షించాలో నిర్ణయించేదెవరు?

పరీక్ష అనగానే ఓల్గా 'విముక్త' కథలు గుర్తొస్తాయి. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పుస్తకం అది. అందులో అహల్య సీతతో చెప్పేది ఇదే. తన సత్యాసత్యాలను విచారించే అధికారాన్ని ఎవరికీ ఇవ్వొద్దని. పురాణంలో అహల్య రాయి అయింది, ఒక పాదం తగిలి బాగైంది. ఆ రెండింట్లో ఏదీ ఆమెను అడిగి చేసింది కాదు. టర్బో పరీక్షలో కనీసం ఒక కొలత ఉంటుంది. కడ్డీని పొడవు వెంట ముందుకూ వెనక్కూ కదిపితే మిల్లీమీటరులో పదోవంతుకు లోపే కదలాలి. మించితే పనికిరాదు. చాచా అభిప్రాయంతో గానీ, ఆ టర్బో ఇంతకుముందు ఎవరి బండిలో తిరిగిందన్న దానితో గానీ దానికి సంబంధం లేదు. శీలపరీక్షకు అలాంటి గేజి ఎప్పుడూ లేదు. అగ్నిలోంచి బయటికొచ్చినావిడను కూడా తర్వాత అడవికి పంపగలిగారంటే, ఆ పరీక్షలో ఉత్తీర్ణత అనేదే లేదన్నమాట.

అమెరికన్ తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్మన్ 'రిపేర్' అనే పుస్తకంలో (2002) ఇంటిని ఒక రిపేరు షాపుగా చూపించింది. తెగిన సంబంధాలను అతికించడం, అలిగినవాళ్లను కలపడం, పిల్లలకు తగిలిన దెబ్బలు మాన్పడం, ఇవన్నీ మరమ్మతు పనులే. చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. నేను దానికి ఒకటి కలుపుతాను. చాచాకు ఒక హక్కు ఉంది. వస్తువు తెచ్చినవాడి ముఖం మీదే "ఇది కాదు, తుక్కుకు పంపు" అనగలడు. అలా అన్నంత మాత్రాన ఆయన పనితనానికి లోటు రాదు, పైగా పెరుగుతుంది. కోడలికి ఆ హక్కు లేదు. ఈ కాపురం బాగుపడదు అని తేల్చిన స్త్రీని పనితనం ఉన్న మనిషిగా ఎవరూ చూడరు, ఓపిక లేనిదానిగా చూస్తారు. సీళ్లు అరిగిన టర్బో ఉన్న డీజిల్ ఇంజన్ ఒక్కోసారి తన నూనెను తానే పీల్చుకుని కాల్చుకుంటూ పరుగెడుతుంది. తాళం తీసేసినా ఆగదు. గాలి మూసేయాలి, లేదా అది విరిగిపోయేదాకా చూస్తూ నిలబడాలి. మెకానిక్కులు దాన్ని చూసి దూరంగా పరుగెడతారు. మన ఇళ్లలో అలాంటి పరుగుకు త్యాగమని పేరు.

మా మేడ మీద నుంచి విమానాలు దిగడం కనిపిస్తుంది. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం అది. ఆ ఆవరణలోని ఏరోస్పేస్ పార్కులో 2025 నవంబర్ 26న సాఫ్రాన్ కంపెనీ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. ఎయిర్‌బస్ 320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు వాడే ఇంజన్లు అవి. చూడ్డానికి పోలిక లేదు గానీ, విమానం ఇంజనూ మా వరండాలోని టర్బో దగ్గరి బంధువులే. రెండింట్లోనూ వేడిగాలి ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే కడ్డీ మీది ఇంకో చక్రం గాలిని ఒత్తుతుంది. తేడా అంతా లెక్క రాయడంలో ఉంది. విమానం ఇంజన్‌లో తిరిగే ముఖ్యమైన భాగాలకు ఆయుష్షు ముందే రాసి ఉంటుంది. ఒకసారి ఎగిరి దిగితే ఒక లెక్క. ఆ లెక్క నిండితే, పైకి ఎంత నిగనిగలాడుతున్నా తీసేయాల్సిందే. ఇంకొన్నాళ్లు సర్దుకుపొమ్మని దానితో ఎవరూ అనరు. బాగుచేసినవాళ్లు ఏం చేశారో రాసి సంతకం పెట్టకుండా ఇంజన్ రెక్క కిందికి పోదు.

చిన్నమ్మ ఇరవై నాలుగేళ్లకు ఉన్న రికార్డు ఒకే ఒక్క ఆసుపత్రి చీటీ. అందులో "మెట్ల మీద నుంచి పడింది" అని ఉంది. 2005 గృహహింస చట్టంలో ఒక పద్ధతి ఉంది. రక్షణాధికారి గృహహింస ఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ చట్టం 2006 అక్టోబర్‌లో అమలులోకి వచ్చింది. అలాంటి కాగితం ఒకటుంటుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టినవాళ్లు కూడా చెప్పలేదు.

2025 జూలై 22న సుప్రీంకోర్టు శివాంగి బన్సల్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. 498ఎ కేసుల విషయంలో అలహాబాద్ హైకోర్టు 2022లో పెట్టిన మార్గదర్శకాలు అమలులో ఉండాలన్నది. వాటి ప్రకారం ఎఫ్ఐఆర్ తర్వాత రెండు నెలలు చల్లబడే గడువు. ఆ గడువులో అరెస్టు ఉండదు. వ్యవహారం కుటుంబ సంక్షేమ కమిటీకి పోతుంది. ఇలాంటి కమిటీలనే 2017లో రాజేశ్ శర్మ కేసులో తెచ్చి, 2018లో సుప్రీంకోర్టే తీసేసింది. తప్పుడు కేసుల భయం గురించి వాదించేవాళ్లతో ఇక్కడ నాకు పేచీ లేదు. ఆ చర్చ వేరు. నాకు కావలసింది చల్లబడడం అన్న మాట. చాచా మాకు చివర్లో నేర్పిన జాగ్రత్త కూడా అదే. లోడుతో ఎత్తెక్కి వచ్చిన బండిని వెంటనే ఆపకూడదు, రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి ఆపాలి. ఎందుకంటే ఇంజన్ ఆగితే నూనె ఆగుతుంది. టర్బోలో నిలిచిపోయిన నూనె ఆ వేడికి మాడుతుంది. మా పైపు పూడింది అలాగే. అంటే చల్లబడే ఆ సమయంలో నూనె అందుతూ ఉండాలి. అందకపోతే అది మాడే సమయం అవుతుంది. కేసు పెట్టిన స్త్రీ ఆ రెండు నెలలు ఎక్కడ ఉంటుంది, ఎవరి తిండి తింటుంది, పిల్లల బడి ఫీజు ఎవరు కడతారు అన్నవి తేలకుండా ఇచ్చిన గడువులో చల్లబడేది ఎవరు?

పైపు మార్చిన కథ ఒకటి మన దగ్గరే ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టింది. పద్దెనిమిదేళ్లకు నాలుగు నెలల పాపతో వితంతువైంది. ఆనాటి లెక్కలో ఆమెది కూడా చెడిన బతుకే. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అక్కడ ఎలక్ట్రికల్ విభాగంలో చేరి 1943లో చదువు పూర్తిచేసింది, దేశంలోనే మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందింది, తర్వాత భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో ఉంది. నాకు ఇందులో ఎక్కువ నచ్చేది చిన్న విషయం. అంతమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే అయిపోతుందని, కాలేజీ ఆడపిల్లలకు కూడా ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. సివిల్ విభాగంలో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ చేరారు. ఒంటరితనానికి అలవాటు పడమని ఆమెకు కౌన్సెలింగ్ ఇవ్వలేదు. కాలేజీయే మారింది. అది ఒక తండ్రి హోదా వల్ల సాధ్యమైందన్నది నిజమే. పూలబండి నడిపే చిన్నమ్మకు ప్రకటన ఇచ్చే కాలేజీ ఏదీ లేదు.

టర్బో బిగించాక, స్టార్ట్ కానివ్వకుండా ముందు సెల్ఫ్ కొట్టించి నూనె పైకి వచ్చేదాకా ఆగాం. తర్వాత స్టార్ట్ చేశాం. మొదట కాసేపు తెల్లపొగ వచ్చి ఆగింది. బండి నడుస్తోంది. నూనె మార్చిన తేదీ, కిలోమీటర్లు చిన్నమ్మ ఒక నోటుపుస్తకంలో రాసి పెడుతోంది.

పెద్దమనుషులకు ఆమె మూడు షరతులు చెప్పింది. ఇల్లు తన పేరు మీద ఉండాలి. బండి పని మానదు. ఆయన ఏడాది పాటు తాగుడు మాన్పించే చోటికి పోయి, ప్రతి నెలా కాగితం తేవాలి. అసలు షరతులు చెప్పడమే నాకు ఇష్టం లేదు. షరతు చెబితే బేరానికి తలుపు తీసినట్టేనని నా వాదన. బేరం చేసే హక్కు కూడా తనదేనని ఆమె వాదన. ఈ వ్యాసం ఆమె చదివింది. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. ఆలోచించి చెప్తామని వెళ్లిన పెద్దమనుషులు ఇంకా రాలేదు.